లంగరు

స్టీలు బకెట్లో వచ్చింది థియేటర్ నుంచి,
మూత మీద ప్లాస్టరు, ప్లాస్టరు మీద నీలి సిరా:
గరికిన ఎర్రయ్యమ్మ, యాభై ఆరు, పెదజాలారిపేట.

తూకం వేశాను. మూడు కిలోల రెండు వందలు.
ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు నీళ్ళు కారాయి.
ఇరవై రెండేళ్ళుగా కారుతూనే ఉన్నాయి,
దుఃఖం అనుకోకండి.

కేసు షీటు తిరగేస్తే
ఆమె నెలన్నర తిరుగుడు కనిపించింది.
మొదట ఆడవాళ్ళ వార్డు: అండాశయం గడ్డ కావచ్చు.
స్కానింగు గది: కాలేయం నుంచేమో, పక్కన ప్రశ్నార్థకం.
గొట్టం మింగించి చూసినవాళ్ళు రాశారు:
పొట్ట లోపలి పొర నున్నగా ఉంది, ఏమీ లేదు.
నిజమే.
ఇంట్లో నిలబడి చూస్తే
గోడకి అవతల వేలాడేది ఏం కనిపిస్తుంది?

మొదటి పేజీలో హౌస్ సర్జన్ గుండ్రటి అక్షరాల్లో
ఆమె మాట ఒకటి అలాగే ఉండిపోయింది:
"పడుకుంతే అటెల్తాది, లెగిస్తే ఇటొస్తాది బావూ,
లంగరేసిన తెప్పలాగ.
ఎటు తిరిగినా ఒక్క సోటే కట్టేసున్నాది."
దాని కింద ఎవరో పెద్దవాళ్ళు
ఎర్రగీత గీసి, అసందర్భం అన్నారు.

రెండు చేతులా ఎత్తి బోర్డు మీద పెట్టాను.
బూడిద రంగు, ఊదా మరకలు,
నొక్కితే అక్కడక్కడ నీళ్ళ మెత్తదనం.
తిప్పి చూస్తే, ఒక మూల, నా చిటికెన వేలంత కాడ.
కాడ చివర అంటుకుని
రూపాయి బిళ్ళంత పొట్ట గోడ.

మొత్తం మూడు కిలోలూ దానికే వేలాడింది.

మూడో రోజు మైక్రోస్కోపు కింద
సన్నటి పొడుగు కణాలు, ఒరుసుకుంటూ,
అన్నీ ఒక్కసారే మలుపు తిరిగి,
నెత్తళ్ళ మంద.
కండరపు కంతి అనొచ్చు. నరాల కంతి అనొచ్చు.
ఇలాంటప్పుడు కంటిని నమ్మకూడదు, రంగు వేయాలి.
"ఆ రసాయనం అయిపోయింది మేడమ్," అన్నాడు పైడితల్లి,
"హైదరాబాద్ నుంచి రావాలి."
కిటికీలోంచి హార్బరు కూత వినపడుతూ
తొమ్మిది రోజులు.

పదో రోజు గాజుపలక అంచు నుంచి అంచుకి
ముదురు బెల్లప్పాకం రంగు.
ఎవరి కణాలో అప్పుడు తేలింది:
నిమిషానికి మూడుసార్లు పొట్టని కదిలించి
అన్నాన్ని ముందుకి తోసేవి.
వల లాగేటప్పుడు హైలెస్సా అని
ముందుగా అందుకునేవాడు ఉంటాడే, అలాంటివి.
వాటిలో ఒకటి
వల వదిలేసి పాట మాత్రం పట్టుకుంది.

విభజనలు లెక్కపెట్టాను, యాభై చోట్ల.
మూడు. మళ్ళీ పెడితే నాలుగు. మళ్ళీ మూడు.
తక్కువే. కానీ కొలత ఇరవై సెంటీమీటర్లు.
ప్రమాదం: మధ్యస్థం, అని రాశాను.
ఆ మాటకి అర్థం నాకూ పూర్తిగా తెలీదు.
పోర్టులో ఎగరేసే మూడో నంబరు హెచ్చరికలాంటిది.

రిపోర్టు కోసం ఆమే వచ్చింది,
మడత పెట్టిన తువ్వాలు పొట్టకి అదుముకుని.
"ఎంతున్నాదమ్మా?"
చెప్పాను. వేళ్ళ మీద లెక్కేసింది.
"వంజరమైతే మూడేలకి తక్కువ ఇవ్వకపోదును."
నవ్వబోయి, కుట్లు లాగి, ఆగింది.

మాత్ర గురించి చెప్పాను, రోజుకొకటి, మూడేళ్ళు.
మూడో నంబరు గురించీ చెప్పాను.
"మూడైతే యాటకెల్లం. ఒడ్డునుండి సూస్తాం," అంది,
నన్ను ఓదారుస్తున్నట్టు.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
"తాడు కోసీసారు, సరే.
కట్టిన సోట సూసినారా?
అక్కడేటైనా మిగిలిందేటి?"

చూశానమ్మా. నాలుగు ముక్కలు చేసి చూశాను.
కోసిన అంచు వెంట అంతా మామూలు గోడ.

"మరి రాసినారా అది?"

రాశాను.
దానికి పై వాక్యంలో, రోగి కథనం అన్న చోట,
ఎర్రగీత లేకుండా,
ఆమె తెప్పనీ లంగరునీ.